నమూనా రైలుమార్గానికి విద్యుత్ సరఫరా: వైశాలి ఇళ్ల నేపథ్యంలో

నమూనా రైలుమార్గం అంటే అసలు రైలుమార్గాన్ని ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి, బల్లమీద పరిచి నడిపించే ఏర్పాటు. దీన్ని కట్టేవాళ్లు లేఅవుట్ అంటారు. పట్టాలు, ఇంజన్లు, స్టేషన్లు కంటికి కనబడతాయి. వాటికి కరెంటు అందించే వైర్లు బల్లకింద ఉండిపోతాయి. ఇంజను కుదుపు లేకుండా సాగాలన్నా, రైలును ఒక దారినుంచి మరో దారికి మళ్లించే పాయింట్లు మొరాయించకుండా పడాలన్నా, షార్ట్ అయినప్పుడు ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా ఉండాలన్నా ఆ వైర్లు సరిగా ఉండాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువమంది డబ్బంతా కంట్రోలర్‌కు పెట్టి, వైరింగ్‌ను చివరికి వదిలేస్తారు. తర్వాత రైలు ఆగి ఆగి నడిస్తే కంట్రోలర్‌ను తప్పుపడతారు. లోపం చాలాసార్లు సరఫరా పెట్టెలో ఉండదు. పెట్టె నుంచి పట్టా దాకా వెళ్లే రాగిలో ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రాగి గురించే. ఉదాహరణగా తీసుకున్నవి వైశాలి ఇళ్లు.

వైశాలి పరిసరాలు

ఢిల్లీ తూర్పు సరిహద్దును ఆనుకుని, ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ జిల్లాలో ఉన్న నివాస ప్రాంతం వైశాలి. బీహార్‌లోని ప్రాచీన వైశాలి వేరు. అపార్టుమెంట్లు, బిల్డర్ ఫ్లోర్లతో నిండిన ఈ ప్రాంతం చుట్టూ ఇందిరాపురం, వసుంధర, సాహిబాబాద్ ఉన్నాయి. ఢిల్లీ మెట్రో బ్లూ లైన్ శాఖ 2011 జూలై 14న ఆనంద్ విహార్ నుంచి కౌశాంబి మీదుగా ఇక్కడిదాకా వచ్చి ఆగింది. ఆనాడు మెట్రో సంస్థ అధిపతిగా ఉన్న ఇ. శ్రీధరన్ ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలోనే.

రైళ్లంటే ఇష్టపడేవాళ్లకు ఈ చుట్టుపక్కల చూడదగ్గవి చాలా ఉన్నాయి. సాహిబాబాద్ స్టేషన్ మీదుగా ఢిల్లీ–హౌరా ప్రధాన మార్గపు రైళ్లు పోతుంటాయి. గాజియాబాద్ ఎలక్ట్రిక్ లోకో షెడ్డు డబ్ల్యూఏపీ-5, డబ్ల్యూఏపీ-7 ఇంజన్లకు పేరు పొందింది. 2023 అక్టోబర్ 20న సాహిబాబాద్–దుహాయి మధ్య నమో భారత్ రైలు మొదలైంది. ప్రధాన మార్గం, మెట్రో, నమో భారత్ మూడూ తలపై తీగనుంచి 25 కిలోవోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు తీసుకుంటాయి. హైదరాబాద్ మెట్రోదీ అదే పద్ధతి. బెంగళూరు, కొచ్చి మెట్రోలు మాత్రం పట్టాల పక్కన పరిచిన మూడో పట్టానుంచి 750 వోల్టుల డైరెక్ట్ కరెంటు తీసుకుంటాయి.

వైశాలికి వచ్చే బ్లూ లైన్ బ్రాడ్‌గేజి, అంటే పట్టాల మధ్య 1,676 మి.మీ. హైదరాబాద్ మెట్రో స్టాండర్డ్ గేజి, 1,435 మి.మీ. నమూనా కట్టేవాడికి ఈ తేడా ముఖ్యం. ప్రపంచంలో ఎక్కువగా వాడే హెచ్‌ఓ స్కేలు 1:87. అందులో పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. దాన్ని 87తో గుణిస్తే 1,435 వస్తుంది. కాబట్టి హైదరాబాద్ మెట్రో హెచ్‌ఓలో కొలతకు సరిగ్గా కుదురుతుంది. వైశాలి మెట్రోకు న్యాయంగా 19.3 మి.మీ. పట్టా కావాలి. అలాంటిది బజారులో దొరకదు గనుక, భారతీయ రైళ్లను కట్టేవాళ్లు దాదాపు అందరూ 16.5 మి.మీ. పట్టామీదే సర్దుకుంటారు. ఆ సర్దుబాటులో తప్పేమీ లేదు.

స్థలం సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఎనిమిది కోచ్‌ల మెట్రో రైలు దాదాపు 180 మీటర్లు ఉంటుంది. హెచ్‌ఓలో అది రెండు మీటర్లు దాటుతుంది. 1:160 నిష్పత్తిలో, 9 మి.మీ. పట్టాతో ఉండే ఎన్ స్కేలులో 1.1 మీటర్లకు వస్తుంది. రెండు పడకగదుల ఫ్లాటులో ఒక గోడ పొడవునా బల్ల వేసుకోగలిగితే గొప్ప. అందుకే వైశాలివంటి చోట ఎన్ స్కేలు, లేదా కురచ రైళ్లతో హెచ్‌ఓ మేలని ఈ రచయిత అభిప్రాయం.

కొంత చరిత్ర

విద్యుత్తుతో నడిచే బొమ్మ రైళ్లు 19వ శతాబ్దం చివర అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. లయొనెల్ కంపెనీ 1900లో మొదలైంది. బ్రిటన్‌లో హార్న్‌బీ 1920లో స్ప్రింగు రైళ్లతో మొదలై, 1925లో విద్యుత్ రైలు తెచ్చింది. ఆ తొలి రోజుల్లో ఇంటి మెయిన్స్‌కు వరసలో ఒక బల్బు కలిపి, మిగిలిన వోల్టేజీని నేరుగా పట్టాలకు ఇచ్చిన ఏర్పాట్లు కూడా ఉండేవి. పిల్లలు చేత్తో ముట్టుకునే పట్టాలమీద ప్రాణాంతకమైన వోల్టేజీ అన్నమాట. భద్రతమీద అభ్యంతరాలు రావడంతో పరిశ్రమ తక్కువ వోల్టేజీకి, ట్రాన్స్‌ఫార్మర్‌కు మారింది. జర్మనీకి చెందిన మార్క్లిన్ పట్టాల మధ్య మూడో స్పర్శ ఉండే ఆల్టర్నేటింగ్ కరెంటు పద్ధతిని నిలబెట్టుకుంది. మిగతా ప్రపంచం చాలావరకు రెండు పట్టాల 12 వోల్టుల డైరెక్ట్ కరెంటు (డీసీ) వైపు వెళ్లింది. 1935లో ఏర్పడిన అమెరికా జాతీయ నమూనా రైలుమార్గ సంఘం చక్రాలు, పట్టాలు, విద్యుత్ కొలతలకు ప్రమాణాలు పెట్టింది. జర్మనీలో లెంజ్ కంపెనీ రూపొందించిన డిజిటల్ పద్ధతిని ఆధారం చేసుకుని, 1990లలో డీసీసీ అనే ఉమ్మడి ప్రమాణాన్ని కూడా తెచ్చింది.

భారతదేశంలో ఈ అభిరుచి పెద్దగా వ్యాపించలేదు. చూడాలనుకునేవాళ్లకు పుణేలో 1998 నుంచి జోషీ కుటుంబం నడుపుతున్న సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాల ఉంది. అది హెచ్‌ఓ స్కేలులో కట్టింది. వైశాలి వాసులకు దగ్గరిది చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం. లోపలి గ్యాలరీలో ఇంజన్ల, పెట్టెల నమూనాలు ఉంటాయి. దీనికి 1971లో శంకుస్థాపన చేసిన రాష్ట్రపతి వి.వి. గిరి, బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం నాయకుడిగా ప్రజాజీవితంలో ఎదిగిన తెలుగువాడు. మ్యూజియం 1977 ఫిబ్రవరి 1న తెరుచుకుంది.

ఎంత కరెంటు కావాలి

వోల్టేజీకి స్కేలు వర్తించదు. 25 కిలోవోల్టులను 87తో భాగించినా 287 వోల్టులు వస్తాయి, అది బల్లమీదికి రాకూడని అంకె. నమూనా రైళ్లకు 12 నుంచి 16 వోల్టులు చాలు. సాధారణ డీసీ పద్ధతిలో కంట్రోలర్ 0 నుంచి 12 వోల్టుల దాకా ఇస్తుంది. వోల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ధ్రువాలు తారుమారు చేస్తే రైలు వెనక్కి నడుస్తుంది. ప్రమాణం ప్రకారం ఇంజను ముందుకు పోవాలంటే దాని కుడివైపు పట్టా ధనధ్రువం కావాలి.

ఈ కాలపు హెచ్‌ఓ ఇంజను మామూలుగా నడిచేటప్పుడు అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది. ఎన్ స్కేలు ఇంజనుకు ఇంకా తక్కువ చాలు. పాత మోటార్లు, కూత వినిపించే డీకోడర్లు, పెట్టెల్లో దీపాలు కలిస్తే లెక్క పెరుగుతుంది. అయినా ఇంట్లో రెండు మూడు రైళ్లు నడిపేవారికి 15 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు, అంటే 45 వాట్లు సరిపోతాయి. పాయింట్ మోటార్లకు, వీధిదీపాలకు మరో 12 వోల్టుల సరఫరా వేరుగా ఉంటుంది. మొత్తం కలిపినా వంద వాట్ల చుట్టుపక్కలే గనుక గోడలోని మామూలు 6 ఆంపియర్ల సాకెట్ చాలు.

5 ఆంపియర్లు ఉంటే ఇంకా మంచిదికదా అనిపిస్తుంది. చిన్న స్కేళ్లకు అది మేలు కాదు. షార్ట్ అయిన క్షణంలో 15 వోల్టులు, 5 ఆంపియర్లు అంటే ఒక చిన్న స్పర్శబిందువు దగ్గర 75 వాట్ల దాకా వేడి పుట్టవచ్చు. సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లదే. ఎన్ స్కేలు రైలుపెట్టె చక్రం అక్కడ ఉంటే ఇరుసు చుట్టూ ప్లాస్టిక్ కరిగిపోతుంది.

అమెరికా నుంచి వచ్చిన సెట్లు

తెలుగు ఇళ్లలో చాలా రైలు సెట్లు అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చినవే. అక్కడి పవర్‌ప్యాక్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసింది. జపాన్ నుంచి వచ్చినదైతే 100 వోల్టులకు. మన ఇంటి సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పిన్ను మార్చే అడాప్టర్ తగిలించి నేరుగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పిన్ను మారినంత మాత్రాన వోల్టేజీ మారదు. పెట్టె అడుగున ఉన్న చీటీ ముందు చదవండి. దానిమీద 100–240 వోల్టులు అని ఉంటే భయం లేదు, అది స్విచింగ్ అడాప్టర్. 120 మాత్రమే ఉంటే తగిన సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి, లేదా ఆ పెట్టెను పక్కనపెట్టి ఇక్కడి అడాప్టర్‌తో నడిచే కంట్రోలర్ కొనుక్కోవాలి. రెండో దారే చవక, సుఖం. బ్రిటన్, ఐరోపా సెట్లకు ఈ చిక్కు లేదు. వాటి వోల్టేజీ మనదే, పిన్ను ఒక్కటే తేడా.

బస్ వైరు, ఫీడర్లు

లేఅవుట్ వైరింగ్‌కు మూలసూత్రం ఒకటే. పట్టాను కరెంటు మోసుకుపోయే తీగగా వాడకూడదు. కరెంటును బల్లకింద లావుపాటి రాగి వైర్లు మోయాలి, పట్టా దాన్ని చక్రానికి అందిస్తే చాలు.

ఇందుకు కారణం లోహాల్లోనే ఉంది. నమూనా పట్టాలను ఎక్కువగా జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. మన ఇళ్లలో పూజాసామగ్రిగా కనబడే ఆ రాగి–నికెల్–జింకు మిశ్రమమే. అది త్వరగా మచ్చపడదు గనుక చక్రంతో స్పర్శ బాగుంటుంది, కానీ దాని నిరోధం రాగి కంటే పదిహేను రెట్లకు పైనే. దానికి తోడు ప్రతి పట్టాముక్కను తర్వాతి ముక్కతో కలిపే చిన్న రేకు జాయినర్లు ఉంటాయి. కొత్తలో అవి బిగుతుగా ఉండి కరెంటును బాగానే దాటిస్తాయి. ఏడాది తిరిగేసరికి దుమ్ము చేరి, కాస్త వదులై, ఒక్కో అతుకూ కొంత నిరోధాన్ని చేరుస్తుంది. కంట్రోలర్ దగ్గర చురుగ్గా పరిగెత్తిన రైలు బల్ల అవతలి కొసన నీరసించడానికి కారణం ఇదే.

పరిష్కారం ఇలా ఉంటుంది. పట్టాల దారి వెంబడే బల్లకింద రెండు లావు వైర్లు ఒక కొస నుంచి మరో కొసదాకా లాగుతారు. వీటిని బస్ వైర్లు అంటారు. ప్రతి పట్టాముక్క అడుగున ఒక సన్నటి వైరును టంకంతో అతికి, బల్లలో చిన్న రంధ్రం గుండా దించి, బస్‌కు కలుపుతారు. ఈ సన్న వైరు ఫీడరు. రెండు పట్టాల్లో ఏది ఏ రంగు వైరుకు కలుస్తుందో మొదటే నిర్ణయించి, లేఅవుట్ అంతటా అదే పాటించాలి. గోడవైపు పట్టాకు ఎరుపు, మనవైపు పట్టాకు నలుపు అనుకుంటే సరి. ఆకుపచ్చ వైరు మాత్రం వాడొద్దు. మన దేశంలో అది ఎర్త్ రంగు. రేపు ఎలక్ట్రీషియన్ చూసి పొరబడే అవకాశం ఇవ్వకూడదు.

వైరు ఎంత లావుండాలి? మెత్తటి మల్టీస్ట్రాండ్ రాగి వైరు మీటరుకు ఇచ్చే నిరోధం 0.5 చదరపు మి.మీ. అయితే 0.039 ఓమ్, 1.5 అయితే 0.0133 ఓమ్, 2.5 అయితే 0.008 ఓమ్. నాలుగు మీటర్ల బల్ల అనుకుందాం. కరెంటు వెళ్లి తిరిగి రావాలి గనుక దారి ఎనిమిది మీటర్లు. 3 ఆంపియర్లు పారితే 0.5 వైరులో దాదాపు 0.94 వోల్టులు పోతాయి. 1.5 వైరులో 0.32, 2.5 వైరులో 0.19 పోతాయి. ఇంటి లేఅవుట్‌కు 1.5 చక్కగా సరిపోతుంది. ఇళ్ల వైరింగ్‌కు వాడేదే గనుక ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా 90 మీటర్ల చుట్టగా దొరుకుతుంది. ఫీడరు 0.5 వైరైనా ఫర్వాలేదు, పొడవు పదిహేను ఇరవై సెంటీమీటర్లు దాటకుండా ఉంటే దానిలో పోయే వోల్టేజీ లెక్కలోకి రాదు.

ఒక వోల్టు పోతే ఏమైంది, రైలు కాస్త నెమ్మదిస్తుంది అంతేకదా అని చాలామంది తీసిపారేస్తారు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. డిజిటల్ పద్ధతిలో పట్టాలకు కరెంటు ఇచ్చే పెట్టె, అంటే బూస్టర్, 5 ఆంపియర్ల దగ్గర ట్రిప్ అయ్యేది ఉందనుకోండి. సన్నటి వైరు, వదులు జాయినర్లు, పట్టాలు కలిసి దారి మొత్తం నిరోధం 4 ఓమ్‌లకు చేరిందనుకోండి. దూరపు కొసన రైలు పట్టా తప్పి షార్ట్ అయితే 15ను 4తో భాగించగా పారేది 3.75 ఆంపియర్లే. బూస్టర్ దాన్ని రెండు మూడు రైళ్లు కలిసి లాగుతున్న కరెంటుగానే చూస్తుంది, ట్రిప్ కాదు. దాదాపు 56 వాట్ల వేడి ఆ దారిలో ఎక్కడ స్పర్శ బలహీనంగా ఉంటే అక్కడ పోగవుతూనే ఉంటుంది. వైరు లావు అన్నిటికంటే ముందు భద్రత విషయం.

అందుకని వైరింగ్ పూర్తయ్యాక, కంకర అతికించకముందే, నాణెం పరీక్ష చేయాలి. రూపాయి బిళ్లను రెండు పట్టాలమీదా అడ్డంగా పెట్టి ఒక క్షణం నొక్కితే సరఫరా వెంటనే ట్రిప్ కావాలి. అడుగుకొకచోట, ముఖ్యంగా కంట్రోలర్‌కు అత్యంత దూరంలోనూ, పాయింట్ల అవతలా ఈ పరీక్ష జరగాలి. ఒక్కచోట ట్రిప్ కాకపోయినా అక్కడ ఫీడరు తక్కువైందనే అర్థం. డిజిటల్ లేఅవుట్‌లకు ఇది తప్పనిసరి. షార్ట్ రక్షణ లేని పాత డీసీ ట్రాన్స్‌ఫార్మర్‌తో మాత్రం చేయకండి, కాలిపోతుంది.

టంకం గురించి ఒక మాట. మధ్యలో రోజిన్ నింపిన 60/40 టంకపు తీగ వాడాలి. కొళాయి పనుల ఆమ్లపు ఫ్లక్స్ పట్టాను, వైరును కొన్నాళ్లలో తినేస్తుంది. వైరుకు, పట్టాకు విడివిడిగా ముందే టంకం పూసి, తర్వాత రెండింటినీ కలిపి ఐరన్‌తో ఒకటి రెండు సెకన్లు తాకిస్తే స్లీపర్ కరిగేలోపు పని అయిపోతుంది. అతుకుకు రెండువైపులా తడి దూది పెడితే వేడి పాకదు. బస్ దగ్గర టంకం వేయడం ఇష్టంలేనివారు స్క్రూ కనెక్టర్ స్ట్రిప్‌లు వాడవచ్చు. మల్టీస్ట్రాండ్ పోగులకు టంకం పూసి స్క్రూ కింద పెట్టే అలవాటు మాత్రం మంచిది కాదు. టంకం మెత్తటి లోహం కనుక కాలం గడిచేకొద్దీ నలిగి బిగువు సడలుతుంది.

విభాగాలు, పాయింట్లు, మలుపు వలయం

అసలు రైల్వేలో తలపై తీగ మొత్తం ఒకటే ముక్క కాదు. ఒక సబ్‌స్టేషన్ పరిధి అయిపోయి మరొకటి మొదలయ్యేచోట ఫేజు మారుతుంది. మధ్యలో కరెంటులేని చిన్న భాగం ఉంటుంది. అక్కడికి రాగానే లోకో పైలట్ డీజే అనే ప్రధాన బ్రేకర్‌ను తెరిచి, దాటాక మళ్లీ మూస్తాడు. పెద్ద లేఅవుట్‌లనూ ఇలాగే ప్లాస్టిక్ జాయినర్లతో విభాగాలుగా తెంపుతారు. ఒక విభాగంలో షార్ట్ అయితే మిగతావి నడుస్తూనే ఉంటాయి. చవకైన రక్షణగా ఒక్కో విభాగానికి వరసలో 12 వోల్టులు, 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బు పెట్టే పద్ధతి ఉంది. మామూలుగా అది వెలగదు. షార్ట్ అయితే ఠక్కున వెలిగి, కరెంటును రెండు ఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది. ఎక్కడ షార్ట్ అయిందో కూడా అదే చూపిస్తుంది. ఎలక్ట్రానిక్ బ్రేకర్లు దీనికంటే వేగవంతమైనవే, కానీ కొత్తవారికి ఈ బల్బు నేర్పినంతగా అవి నేర్పవు.

పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే వీ ఆకారపు భాగం ఫ్రాగ్. దానిలో ప్లాస్టిక్ ముక్క ఉన్న రకం వైరింగ్‌కు సులువు, కానీ చిన్న ఇంజన్లు దానిమీద ఆగిపోతుంటాయి. లోహపు ఫ్రాగ్ అయితే పాయింటు ఏ వైపు పడితే ఆ వైపు పట్టా ధ్రువానికి దాన్ని మార్చాలి. పాయింట్ మోటారుతోపాటు కదిలే చిన్న స్విచ్ ఈ పని చేస్తుంది. రెండో రకమే మంచిది. కష్టం ఒకసారే, సుఖం ఎప్పటికీ.

రైలు ఒక వలయం చుట్టి తాను వచ్చిన దారిలోకే తిరిగి చేరితే, ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్ట్ అవుతుంది. దీన్ని తప్పించాలంటే వలయంలో కొంత భాగాన్ని, కనీసం రైలంత పొడవున, రెండువైపులా తెంపి ధ్రువాన్ని తారుమారు చేసే పరికరం పెట్టాలి. వైశాలి మెట్రోను నమూనాగా తీసుకునేవారికి ఈ బాధ లేదు. మెట్రో రైలుకు రెండు కొసలా డ్రైవర్ గది ఉంటుంది, చివరి స్టేషన్‌కు వచ్చిన బండి తిరగకుండానే వెనక్కి పోతుంది. కొసనుంచి కొసకు పోయివచ్చే లేఅవుట్ వైరింగ్‌కు అన్నిటికంటే తేలిక, ఇరుకు ఫ్లాటుకూ అదే సరైనది.

డిజిటల్ పద్ధతి

డీసీసీలో పట్టాలమీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. హెచ్‌ఓకు దాదాపు 15, ఎన్‌కు 12 వోల్టులు. అది ధ్రువాలు వేగంగా మారే చతురస్ర తరంగం. ఒక్కో అర్ధభాగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ‘1’, 100 మైక్రోసెకన్లు ఉంటే ‘0’. ఆ అంకెల వరసే ఆజ్ఞ. ప్రతి ఇంజనులో ఒక చిరునామా ఉన్న డీకోడర్ ఉంటుంది, తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది. అందువల్ల ఒకే పట్టామీద రెండు ఇంజన్లు చెరోవైపు నడవగలవు. కరెంటు, సమాచారం ఒకే వైరులో పోతాయి గనుక బలహీనమైన అతుకు ఇక్కడ రెండువిధాలా దెబ్బతీస్తుంది.

తయారు పరికరాలు ఖరీదైనవి. భారతదేశంలో చాలామందికి అందుబాటులో ఉన్న దారి డీసీసీ–ఈఎక్స్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్. ఆర్డుయినో మెగా బోర్డు, ఒక మోటార్ షీల్డు, సరైన అడాప్టర్ ఉంటే కమాండ్ స్టేషన్ తయారవుతుంది, ఫోనుతో రైళ్లు నడపవచ్చు. ఎల్298 చిప్ ఉన్న సాధారణ షీల్డు రెండు ఆంపియర్ల లోపే భరిస్తుంది, లోపల కొంత వోల్టేజీని మింగుతుంది కూడా. మోటార్ కరెంటు ఆర్డుయినో బోర్డులోకి పోకుండా షీల్డుమీద సూచించిన బంధాన్ని తెంపడం మరవొద్దు. డీకోడర్ లేని ఇంజనును డీసీసీ పట్టామీద నిలబెట్టి ఉంచితే మోటారు గీపెడుతూ వేడెక్కుతుంది.

పాయింట్లకు, దీపాలకు పట్టాల బస్‌నుంచి కరెంటు తీసుకోకూడదు, వాటికి వేరే 12 వోల్టుల బస్ ఉండాలి. కాయిల్ తరహా పాయింట్ మోటారు ఒక్క క్షణం మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది. అందుకు కెపాసిటర్ డిశ్చార్జి యూనిట్ పెడితే దెబ్బ గట్టిగా ఉంటుంది, మీట ఇరుక్కున్నా కాయిల్ కాలదు. తెల్ల ఎల్‌ఈడీకి 12 వోల్టులమీద ఒక కిలో ఓమ్ రెసిస్టర్ చాలు.

భారతీయ లేఅవుట్‌కు తలపై తీగ లేకపోతే అందం లోపిస్తుంది. స్తంభాలు, తీగలు పెట్టండి, కానీ వాటిలో కరెంటు పారించవద్దు. పట్టాలనుంచే తీసుకోండి. పాంటోగ్రాఫ్ ద్వారా నిజంగా కరెంటు తీసుకునే నమూనాలు ఉన్నాయి, అయితే అంత సన్నటి తీగను సమంగా బిగించి ఉంచే శ్రమ కొత్తవారికి తగదు.

దుమ్ము, వేడి, కరెంటు కోత

గాజియాబాద్ వాతావరణంలో పట్టాలకు మొదటి శత్రువు దుమ్ము. మే నెల ఆంధీ గాలులు, నవంబర్ పొగమంచు కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తాయి. ఆ దుమ్ము చక్రాల దగ్గర పుట్టే సూక్ష్మ నిప్పురవ్వలతో కలిసి పట్టామీద నల్లటి పొరగా పేరుకుంటుంది. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలుగుడ్డతో తుడవడం, వాడనప్పుడు బల్లమీద పలుచటి ప్లాస్టిక్ దుప్పటి కప్పడం ఇక్కడ నిత్యావసరాలు. ఇసుక కాగితంతో రుద్దితే గీతలు పడి దుమ్ము మరింత పట్టుకుంటుంది.

జూన్‌కూ జనవరికీ గదిలో ముప్పై డిగ్రీల తేడా రావచ్చు. మూడు మీటర్ల పట్టా ఆ తేడాకు దాదాపు ఒకటిన్నర మి.మీ. సాగుతుంది. జాయినర్లన్నిటికీ టంకం పోస్తే వేసవిలో పట్టా వంకరపోతుంది. అక్కడక్కడా సందు వదలాలి. ప్రతి ముక్కకూ ఫీడరు ఉంటే ఆ సందులవల్ల నష్టం లేదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు డీసీ కంట్రోలర్ నాబ్ తెరిచే ఉంటే రైలు ఒక్కసారిగా ఉరుకుతుంది. పోయిన వెంటనే నాబ్‌ను సున్నాకు తిప్పడం అలవాటు చేసుకోవాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో సైన్‌వేవ్ రకమైతే ఏ ఇబ్బందీ ఉండదు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా 12 వోల్టులేకదా అని దాన్నే నేరుగా లేఅవుట్‌కు కలిపే ఆలోచన మాత్రం ఎవరూ చేయవద్దు. ఆ బ్యాటరీ షార్ట్ అయితే వందల ఆంపియర్లు పారిస్తుంది. వైరు ఎర్రగా కాలి ఇల్లే అంటుకోవచ్చు.

సామాను ఎక్కడ

వైశాలి నుంచి బ్లూ లైన్ ఎక్కి మండీ హౌస్ దగ్గర వయొలెట్ లైన్‌కు మారి లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే, ఎర్రకోట ఎదుట లాజ్‌పత్‌రాయ్ మార్కెట్ ఉంటుంది. రెసిస్టర్లు, కనెక్టర్లు, ఆర్డుయినో బోర్డులు, మోటార్ షీల్డులు అక్కడ దొరుకుతాయి. వైర్లకు, ఎంసీబీలకు చాందినీ చౌక్‌లోని భగీరథ్ ప్యాలెస్ ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవారికి కోఠి గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్ తెలిసినవే. కార్ల బల్బు ఏ ఆటో విడిభాగాల దుకాణంలోనైనా ఉంటుంది. పట్టాలు, ఇంజన్లు మాత్రం దాదాపు అన్నీ విదేశాలనుంచే రావాలి.

అడాప్టర్ కొనేటప్పుడు బీఐఎస్ నమోదు గుర్తు చూసుకోండి. సీసీటీవీలకు, ఎల్‌ఈడీ పట్టీలకు వాడే చిల్లుల రేకు పెట్టె ఎస్‌ఎంపీఎస్ చవకగా వస్తుంది. దానిమీద 230 వోల్టుల స్క్రూలు చేతికి తగిలేలా ఉంటాయి. బల్లకింద పిల్లల చేతికి అందేచోట అది ఉండకూడదు. మూసిన అడాప్టర్ కాస్త ఖరీదైనా అదే కొనండి. లేఅవుట్ మొత్తానికి ఒకే స్విచ్ పెట్టి, గది వదిలేటప్పుడు ఆపేయండి. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, పనిచేసే ఎర్త్ ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి. 15 వోల్టుల వైపు పనంతా పిల్లలతో కలిసి మీరే చేయండి, తప్పులు జరిగినా దిద్దుకోవచ్చు. 230 వోల్టుల వైపు ఒక్క స్క్రూ అయినా పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే తిప్పించండి.